'కమాండ్ నాట్ ఫౌండ్' - ఒక పరిశీలన

లైనక్స్ వ్యవస్థలో నిర్వాహకునికి 'రూట్' అని పేరు. అతనికి నిషిద్ధమైన పని దాదాపు లేదనవచ్చును. అట్టి రూట్ హోదాలో నుండి, కొత్త విద్యార్థికి ఖాతా తెరచుటకై 'యూజర్‌యాడ్' అను ఆదేశమిచ్చినపుడు, 'కమాండ్ నాట్ ఫౌండ్' అని యంత్రము బదులిచ్చినచో ఏమనుకొనవలెను? మా ప్రయోగశాలలోని యంత్రమును డెబియన్ 9వ కూర్పు నుండి 10వ కూర్పునకు మార్చిన మరునాడు మాకు లభించిన బదులిదే. వ్యవస్థ చెడినదనియు, అంతయు తుడిచివేసి మరల స్థాపింపవలెననియు మాలో ఒకరు సలహా ఇచ్చిరి. ఆ యంత్రములో విద్యార్థుల ప్రాజెక్టు ఫైళ్లు కలవు. వాటికి వేరుచోట నకలు లేదు. అదృష్టవశాత్తు ఆ సలహా అమలునకు రాలేదు.

యంత్రము చెప్పిన మాటను మొదట సరిగా చదువవలెను. అధికారము చాలనిచో అది 'పర్మిషన్ డినైడ్' అనును. ఇక్కడ అన్నది 'దొరకలేదు' అని మాత్రమే. మనమొక ఆదేశమును టైపు చేసినపుడు షెల్ డిస్కునంతటిని గాలించదు. 'పాత్' అను పట్టికలో వ్రాసియున్న డైరెక్టరీలను వరుసగా చూచి, వాటిలో లేనిచో చేతులెత్తివేయును. నిర్వాహకుని ఆదేశములు చాలవరకు /ఎస్‌బిన్, /యుఎస్‌ఆర్/ఎస్‌బిన్ అను చోట్ల ఉండును. డెబియన్‌లో సామాన్య వినియోగదారుని పట్టికలో ఈ రెండును ఉండవు.

అయినచో నిన్నటివరకు పని ఎట్లు జరిగినది? 2017లో వెలువడిన 9వ కూర్పు వరకు, రూట్‌గా మారుటకు వాడు 'ఎస్‌యు' ఆదేశము 'షాడో' అను ప్యాకేజీ నుండి వచ్చెడిది. అది హోదాతో పాటు పాత్ పట్టికను కూడ మార్చెడిది. 2019 జూలై 6న వెలువడిన 10వ కూర్పులో ఎస్‌యు 'యుటిల్-లైనక్స్' ప్యాకేజీ నుండి వచ్చినది. ఇది పాత పట్టికను అట్లే ఉంచును. తహసీలుదారు కుర్చీలో కూర్చుండియు, చేతిలో గుమాస్తా నాటి చిరునామాల పుస్తకమే ఉన్నట్లు! 'హూయామ్ఐ' అని అడిగినచో యంత్రము 'రూట్' అనియే చెప్పును. అందుచేతనే మనము మోసపోదుము.

పరీక్ష సులభము. /యుఎస్‌ఆర్/ఎస్‌బిన్/యూజర్‌యాడ్ అని పూర్తి త్రోవను ఇచ్చి చూడవలెను. పని జరిగినచో ఆదేశము చెక్కుచెదరలేదు; లోపము త్రోవలోనిదే. ప్యాకేజీలను స్థాపించునపుడు 'డిపికేజీ' కూడ 'ఎల్‌డికాన్ఫిగ్' కనబడలేదని ఆగిపోవును. రూట్ పాత్‌లో ఏ డైరెక్టరీలు ఉండవలెనో ఆ సందేశము క్రిందనే వ్రాసియుండును. దానిని చివరి వరకు చదువువారు అరుదు.

నివారణకు ఒక అడ్డగీత చాలును. 'ఎస్‌యు' అని గాక, ఖాళీ విడిచి అడ్డగీత చేర్చి 'ఎస్‌యు -' అనవలెను. అపుడు రూట్ స్వయముగా లాగిన్ అయినట్లే అతని పట్టిక లభించును. అయితే మనమున్న డైరెక్టరీ కూడ మారి /రూట్‌నకు చేరుదుము; ఫైలు పేరు మాత్రమే ఇచ్చువారు దీనిని గమనింపవలెను. /ఇటిసి/లాగిన్.డెఫ్స్ ఫైలులో 'ఆల్వేస్_సెట్_పాత్ యెస్' అని పెద్ద అక్షరములలో మొదటి పదమును చేర్చి పాత నడవడిని తెచ్చుకొనుట మరియొక మార్గము. మేము అడ్డగీతనే మేలనుకొందుము. వినియోగదారుడు తన స్వంత డైరెక్టరీని పాత్ మొదట చేర్చుకొనియుండినచో, ఒట్టి ఎస్‌యుతో రూట్ అయినవాడు ఆ డైరెక్టరీలోని ఏ నకిలీ ఆదేశమునైనను సర్వాధికారములతో నడిపించు ప్రమాదము కలదు. 'సుడో' వాడువారికి ఈ చిక్కు సాధారణముగా ఎదురుకాలేదు. దాని అమరికలో 'సెక్యూర్_పాత్' అను పట్టిక వేరుగా ఉండుటయే కారణము.

తొందరలో మేము చేసిన పొరపాటొకటి చెప్పవలసియున్నది. పాత్‌నకు /యుఎస్‌ఆర్/ఎస్‌బిన్ చేర్చబోయి, పాత పట్టికను ముందు నిలుపుట మరచి, అదొక్కటే వ్రాసితిమి. వెంటనే 'ఎల్‌ఎస్' కూడ దొరకలేదని బదులు వచ్చినది. ఏ ఫైలులోను వ్రాయలేదు గనుక, 'ఎగ్జిట్' అని ఆ షెల్ నుండి బయటపడి, అడ్డగీతతో మరల ప్రవేశించితిమి. ఆ సాయంత్రమే ఖాతాలన్నియు తెరచి, విద్యార్థుల ఫైళ్లకు నకలు తీయించితిమి.