గైడు ఉంటే శిక్షణ అక్కర్లేదా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. కిలిమంజారో ఎక్కాను. వచ్చే ఏడాది నేపాల్‌లోని మేరా పీక్‌కి వెళ్లాలనుంది. గైడు ఉంటారు కదా, శిక్షణ లేకుండా వెళ్లొచ్చా?
- ఓ పాఠకుడు, వరంగల్

జవాబు: వెళ్లొద్దు. 5,895 మీటర్ల కిలిమంజారో మామూలు దారిలో నడకే. మేరా 6,476 మీటర్లు, పై భాగమంతా హిమానీనదం. మంచు కింద లోతైన పగుళ్లు దాగి ఉంటాయి. అందుకే అందరూ ఒకే తాడుకు కట్టుకుని నడుస్తారు. తాడు వదులై మంచు మీద పాకుతుంటే, ముందు మనిషి పగులులో పడ్డప్పుడు ఆ వదులంతా జారి, ఒక్క ఊపుతో వెనకవాళ్లనూ లాక్కుపోతుంది. మీరు పడితే గైడు ఆపుతాడు. గైడే పడితే? తాడు రెండో కొసన ఉండేది మీరే!

డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లోనో, ఉత్తరకాశీలోని నెహ్రూ ఇన్‌స్టిట్యూట్‌లోనో బేసిక్ కోర్సు చేయండి. దాదాపు నాలుగు వారాలు పడుతుంది. క్రాంపాన్లతో (బూట్లకు బిగించే ముళ్ల పట్టీలు) నడవడం, జారినప్పుడు ఐస్ యాక్స్‌తో ఆగడం అక్కడ ఒంటికి పట్టేదాకా చేయిస్తారు. 2014లో 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ కూడా భువనగిరి కొండ మీద, డార్జిలింగ్‌లో శిక్షణ పొందాకే వెళ్లింది.

ఎత్తుకు ఒళ్లు అలవాటు పడటమూ ముఖ్యమే, అందుకే యాత్రా సంస్థ ఇచ్చే షెడ్యూలు జాగ్రత్తగా చదవండి. 3,000 మీటర్లు దాటాక, రాత్రి పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకోసారి విశ్రాంతి ఉండాలి. తలనొప్పితో పాటు నడక తూలితే వెంటనే కిందికి దించాల్సిందే. దీనికి ఒప్పుకోని సంస్థకు డబ్బు కట్టకండి.