మేఘాల్లో పరికరం తప్పు చూపిస్తే

ప్రశ్న: మా అబ్బాయి సెస్నా 172 మీద శిక్షణ పొందుతున్నాడు. మేఘాల్లో ఉండగా పరికరం చెడిపోతే ఏం చేస్తారండీ?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: మీ భయం అర్థం లేనిది కాదమ్మా. పాత సెస్నాల్లో, విమానం ఎటు ఒరిగిందో చూపే గైరోస్కోపును ఇంజిన్‌తో నడిచే వాక్యూమ్ పంపు తిప్పుతుంది. పంపు ఆగినా గైరో వెంటనే ఆగదు. నెమ్మదిస్తూ, కొద్దికొద్దిగా తప్పు చూపిస్తుంది. అసలు ప్రమాదం అదే. దాన్ని నమ్మితే విమానం సుడి తిరుగుతూ దిగిపోతుంది. లోపలి చెవీ ఆదుకోదు. నిలకడగా సాగే మలుపును కాసేపటికే పసిగట్టడం మానేస్తుంది. 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం చేసిన ప్రయోగంలో, పరికరాల శిక్షణ లేని 20 మందీ సగటున 178 సెకన్లలో అదుపు కోల్పోయారు.

అందుకే కరెంటుతో నడుస్తూ మలుపును చూపే టర్న్ కోఆర్డినేటర్‌తో, వేగం, ఎత్తు చూపే ముళ్లతో పోల్చి చూడటం నేర్పుతారు. తేడా తేలితే చెడినదాన్ని కాగితంతో కప్పేయాలి, లేకపోతే కళ్లు మళ్లీ అటే పోతాయి. ముందు రెక్కలు సమంగా నిలపాలి, ఆ తర్వాత ఏమాత్రం మొహమాటపడకుండా ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌కు చెప్పాలి. రాడార్ ఉన్నచోట ఆయన ‘ఇప్పుడు తిరుగు, ఇక ఆపు’ అంటూ దారి చూపగలడు. పరికరాలు కప్పి నడిపే సాధన బోధకుడి పక్కన ఎంత చేశాడో మీ అబ్బాయిని అడగండి.