పోయిన కాయిన్లు తెస్తానంటున్నాడు, డబ్బు పంపాలా?

సమస్య

నేను నల్లగొండలో ప్రైవేటు స్కూలు టీచర్ని. నాన్న లేరు. తమ్ముడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ జీతంలో కొంత క్రిప్టోలో పెడుతూ వచ్చాడు. పోయిన నెల తను పంపిన కాయిన్లు చేరకపోతే టెలిగ్రామ్ గ్రూపులో అడిగాడట. కాసేపటికే గ్రూపు అడ్మిన్ పేరు, ఫొటోతో విడిగా మెసేజ్ వచ్చింది. ఆ మనిషి ఎంతో మర్యాదగా మాట్లాడి, లింకు పంపి, వాలెట్ తాలూకు పన్నెండు మాటలు అందులో కొట్టించాడు. లక్షా ఎనభై వేల రూపాయల కాయిన్లు పోయాయి.

ఇప్పుడు ఇంకొకతను ‘రికవరీ ఎక్స్‌పర్ట్’నంటూ మెసేజ్‌లు పెడుతున్నాడు. కాయిన్లు ఏ వాలెట్లో ఉన్నాయో చూపించాడు కూడా. నలభై వేలు ముందు కడితే వెనక్కి రప్పిస్తాడట. నా గొలుసు కుదువపెట్టి ఇమ్మని తమ్ముడు బతిమాలుతున్నాడు. పోలీసులంటే, క్రిప్టో కొన్నందుకు తననే పట్టుకుంటారని వాడి భయం. అన్నం సరిగా తినడం లేదు. అమ్మకింకా తెలియదు. గొలుసు ఇవ్వనా, వద్దా?

– ఓ అక్క, నల్లగొండ

సలహా

ఇవ్వకండమ్మా. ఈ రెండోవాడు మొదటివాడి మనిషే కావచ్చు, మోసపోయినవాళ్ల కోసం కాచుకుని ఉండే మరొకడు కావచ్చు. ఎవడైనా వాడి కన్ను మీ గొలుసు మీదే.

కాయిన్లు ఎక్కడున్నాయో చూపించాడు కదా అని మీ తమ్ముడు నమ్ముతున్నాడు. కిటుకంతా అక్కడే ఉంది. బిట్‌కాయిన్, ఈథీరియం లాంటివాటిలో ప్రతి లావాదేవీ ఎవరైనా చూడగలిగే పద్దులోకి ఎక్కుతుంది. వాలెట్ అడ్రస్ తెలిస్తే అందులో ఎంతుందో మీరూ నేనూ ఫోన్లో చూడొచ్చు. కానీ అందులోంచి తీయాలంటే దాని రహస్య కీ కావాలి. అది దొంగ దగ్గరుంది. పంపిన కాయిన్లను ఆపడానికి, తిప్పి పంపడానికి మధ్యలో బ్యాంకంటూ లేదు. అందుకే ‘హ్యాక్ చేసి తెస్తా’నన్నది పచ్చి అబద్ధం. నలభై వేలు కడితే రేపు ‘గ్యాస్ ఫీజు’ అంటాడు, ఎల్లుండి ‘ట్యాక్స్’ అంటాడు.

ఆ పన్నెండు మాటలు ఎవరి చేతిలో ఉంటే వాలెట్ వాళ్లదే. అసలు అడ్మిన్లు గానీ, కంపెనీ సపోర్టు వాళ్లు గానీ వాటిని అడగరు. వాళ్లకు వాటితో పనిలేదు. కాబట్టి ఆ పాత వాలెట్లో ఇక రూపాయి వేయొద్దు. ఏమైనా మిగిలుంటే వెంటనే కొత్త వాలెట్‌కి మార్చమనండి.

టెలిగ్రామ్‌లో ఎవరి పేరైనా, ఫొటో అయినా ఎవరైనా పెట్టుకోవచ్చు. ఒక్కొక్కరికి ఒక్కటే ఉండే యూజర్‌నేమ్‌లోనూ చిన్న ఎల్ బదులు పెద్ద ఐ పెడితే కంటికి ఆనదు. అడ్మిన్‌నంటూ విడిగా మెసేజ్ వస్తే దానికి జవాబివ్వకుండా, గ్రూపులోనే అందరి ముందూ ‘ఇది మీరేనా’ అని అడగాలి. అయినా సొంత ఖాతా అన్నది కూడా హామీ కాదు. 2020 జులై 15న ట్విటర్‌లో ఒబామా, బిల్ గేట్స్‌ల అసలు ఖాతాలనే దొంగలు పట్టుకుని ‘బిట్‌కాయిన్ పంపండి, రెట్టింపు ఇస్తాం’ అని రాస్తే నమ్మి పంపినవాళ్లున్నారు. రహస్య మాటలో, ముందస్తు డబ్బో అడిగితే ఎవరి పేరున్నా అక్కడితో ఆపేయాలి.

పోలీసుల భయం వదిలేయమనండి. క్రిప్టో కొనడం మన దేశంలో నేరం కాదు. దాని లాభాల మీద 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వమే 30 శాతం పన్ను తీసుకుంటోంది. ఇంకొకరిలా నటించి ఆన్‌లైన్‌లో మోసం చేయడమే నేరం. ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద దానికి మూడేళ్ల దాకా జైలు.

ఆ ఇద్దరి చాట్లనూ ఇప్పుడే స్క్రీన్‌షాట్లు తీయించండి. టెలిగ్రామ్‌లో అవతలివాడు చాట్‌ను మీ వైపు కూడా చెరిపేయగలడు. యూజర్‌నేమ్‌లు, వాలెట్ అడ్రస్‌లు, ట్రాన్సాక్షన్ ఐడీ, ఆ లింకు రాసిపెట్టుకుని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు పెట్టండి. డబ్బు తిరిగొస్తుందని మీకు మాటివ్వలేను. కానీ ఆ కాయిన్లు గుర్తింపు పత్రాలు అడిగే ఎక్స్ఛేంజీకి చేరితే, పోలీసులు అక్కడ ఆపించే వీలుంది. ఆలస్యమయ్యేకొద్దీ అవి చేతులు మారిపోతుంటాయి.

ఇక మీ తమ్ముడి సంగతి. నాకు డబ్బుకన్నా ఈ దిగులే ఎక్కువగా ఉంది. అతన్ని తిట్టకండి. కష్టంలో సాయం అడిగాడు, దొంగ దాన్ని వాడుకున్నాడు. అమ్మకు ఇద్దరూ కలిసి చెప్పండి. దాచినంతకాలం అతను ఒంటరిగా కుమిలిపోతాడు, ఆ రికవరీవాడే దిక్కనిపిస్తుంది. బతుకు మీద విరక్తిగా మాట్లాడితే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. ఈ రాత్రికే అతన్ని ఇంటికి పిలిపించుకుని, పక్కన కూర్చోబెట్టుకుని 1930కి ఫోన్ చేయండమ్మా.