పాత వ్యానుకు ట్రైలర్ తగిలించే ముందు

చింతామణి టమాటాలు, చిక్కబళ్లాపుర పూలు తరలించుటకు పాత ఓమ్ని వ్యానుకు ట్రైలర్ తగిలించదలచినవారు ఈ విషయాలు గమనించవలెను.

1. 1988 నాటి మోటారు వాహనాల చట్టం దృష్టిలో ట్రైలర్ కూడా మోటారు వాహనమే. దానికి వేరుగా రిజిస్ట్రేషన్ కావలెను. లాగే బండి నంబరు ట్రైలర్‌పైనా కనిపించవలెను.

2. తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చుటను 52వ సెక్షన్ నిషేధించుచున్నది. కావున కొక్కెం వెల్డింగు చేయించక మునుపే ఆర్.టి.ఓ. కార్యాలయంలో విచారించండి.

3. ఓమ్ని ఇంజను 796 సి.సి. మాత్రమే. ట్రైలర్‌కు బ్రేకులు లేనిచో వ్యాను బ్రేకులే రెండింటినీ ఆపవలెను.

4. బరువు వెనుకకు చేరినచో ట్రైలర్ ఊగును. సుమారు పదోవంతు కొక్కెంపై పడునట్లు సర్దండి. రక్షణ గొలుసులు, వెనుక దీపాలు ప్రతి ప్రయాణానికీ ముందు చూడండి.

బాగేపల్లి మీదుగా సాగు 44వ జాతీయ రహదారిపై కొక్కెం ఊడినచో నష్టం సరుకుతో ఆగదు. వెనుక వచ్చువారి ప్రాణాలకే ముప్పు.