సమానత్వం రష్యా భయంతో వచ్చిందా?

చిరంజీవి అమ్మాయికి,

రష్యాతో పోటీ లేకపోతే అమెరికాలో నల్లవారికి హక్కుల చట్టాలే వచ్చేవి కావని, ప్రపంచం ముందు పరువు నిలుపుకోవడానికే ఆ దేశం దిగివచ్చిందని నీ వ్యాసంలో వాదించబోతున్నట్టు రాశావు. అందులో నిజం ఉంది, కానీ సగమే. మిగతా సగం వదిలేస్తే, దెబ్బలు తిన్నవాళ్లను పక్కనబెట్టి, పరువు పోతుందని జంకిన ప్రభుత్వానికి కీర్తి కట్టబెట్టినట్టవుతుంది.

ముందు నీ పక్షాన ఉన్న సాక్ష్యమే చూద్దాం. బడుల్లో తెల్ల, నల్ల పిల్లలను వేరు చేయడంపై నడిచిన బ్రౌన్ కేసులో 1952 డిసెంబరులో అమెరికా న్యాయశాఖ సుప్రీంకోర్టుకు ఇచ్చిన వాదన పత్రంలో, వర్ణ వివక్ష కమ్యూనిస్టుల ప్రచారానికి పనికొస్తోందని దాపరికం లేకుండా చెప్పుకుంది. 1954 మే 17న తీర్పు వెలువడిన గంటలోపే వాయిస్ ఆఫ్ అమెరికా ఆ వార్తను తూర్పు యూరప్‌కు వినిపించింది. 1955లో మన రాయబారి జి.ఎల్. మెహతాను హ్యూస్టన్ విమానాశ్రయం భోజనశాలలో తెల్లవారితో పాటు కూర్చోనివ్వక వేరే గదికి పంపబోతే, విదేశాంగ మంత్రి డలెస్ క్షమాపణ చెప్పాడు. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించు. ఆ క్షమాపణ ఢిల్లీ నొచ్చుకోకుండా ఉండడానికి. అదే చోట అదే అవమానాన్ని నిత్యం దిగమింగుతున్న నల్లవారికి ఎవరూ క్షమాపణ చెప్పలేదు. తీర్పు సంగతీ అంతే. రేడియోలో గంటలో దేశాలు దాటిన ఆ మాట, దక్షిణాదిలో ఎన్నో బడుల గడప దాటడానికి పదేళ్లు కూడా చాలలేదు.

పైగా ఆ రష్యా భయమే ఎవరు నోరెత్తవచ్చో, ఏం అడగవచ్చో కూడా నిర్ణయించింది. నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ 1909లో నల్లవారి హక్కుల సంస్థ ఎన్.ఎ.ఎ.సి.పి. స్థాపకుల్లో ఒకరు. 1947లో నల్లవారి గోడును ఐక్యరాజ్యసమితి ముందు పెట్టిన విజ్ఞప్తి ఆయన సారథ్యంలోనే తయారైంది. అణుబాంబు వద్దంటూ సంతకాలు సేకరించిన సంస్థను నడిపినందుకు, విదేశీ ఏజెంటుగా నమోదు చేసుకోలేదన్న అభియోగంతో 1951లో 82 ఏళ్ల ఆ పెద్దాయన చేతికి బేడీలు వేశారు. సాక్ష్యం లేదని జడ్జి ఆ ఏడాదే కేసు కొట్టేశాడు. అయినా 1958 దాకా ఆయనకు పాస్‌పోర్టు దక్కలేదు. గాయకుడు పాల్ రాబ్సన్ పాస్‌పోర్టును 1950లో లాక్కుని, ఎనిమిదేళ్లు దేశం కదలనివ్వలేదు. ప్రపంచం ఏమనుకుంటుందో అని వివక్షను సడలించిన ప్రభుత్వమే, ఆ వివక్ష సంగతి ప్రపంచానికి చెప్పబోయినవాళ్ల నోరు నొక్కింది.

దీనికి నువ్వు ఒక ఎదురు ప్రశ్న వేయవచ్చు. కమ్యూనిస్టులను దూరం పెట్టకపోతే ఉద్యమం బతికి బట్టకట్టేదా అని. న్యాయమైన ప్రశ్నే. ఆనాటి కమ్యూనిస్టు పార్టీ మాస్కో ఎటు తిరిగితే అటు తిరిగేది. స్టాలిన్ అకృత్యాలు చూసీ చూడనట్టు ఊరుకుంది. దాన్ని నమ్మకపోవడానికి ఎన్.ఎ.ఎ.సి.పి.కి గట్టి కారణాలే ఉన్నాయి. కానీ 1950 మహాసభలో కమ్యూనిస్టుల ఏరివేతకు తీర్మానం చేసుకున్నా ఎన్.ఎ.ఎ.సి.పి.కి రక్షణ దొరకలేదు. 1956లో అలబామా కోర్టు ఆ సంస్థను రాష్ట్రంలో పనిచేయకుండా ఆపి, సభ్యుల పేర్ల జాబితా ఇమ్మంది. మళ్లీ అక్కడ కాలు పెట్టడానికి 1964 దాకా పట్టింది. స్టాన్లీ లెవిసన్ అనే సలహాదారును వదులుకోమని 1963 జూన్‌లో అధ్యక్షుడు కెనడీ స్వయంగా మార్టిన్ లూథర్ కింగ్‌కు చెప్పాడు. అక్టోబరులో కింగ్ ఫోన్ల మీద నిఘాకు అటార్నీ జనరల్‌గా ఉన్న కెనడీ తమ్ముడే అనుమతి ఇచ్చాడు. అనుమానానికి ఒకరిని అప్పజెప్తే అది అక్కడితో తృప్తిపడదు తల్లీ, మరొకరిని అడుగుతుంది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది, ఆ భయంలో అడుగున పడిపోయిన కోర్కెలు. కింగ్ ప్రసంగంతో అందరికీ గుర్తున్న 1963 ఆగస్టు వాషింగ్టన్ యాత్ర ఉద్యోగాల కోసం, స్వేచ్ఛ కోసం అని పేరు పెట్టుకుని సాగింది. చట్టబద్ధమైన కనీస వేతనం గంటకు 1.15 డాలర్లున్న రోజుల్లో రెండు డాలర్లు కావాలని అడిగింది. 1964 పౌరహక్కుల చట్టం హోటళ్ల తలుపులు తెరిపించింది, ఉద్యోగాల్లో వివక్షను నిషేధించింది. రెండు డాలర్ల మాట అందులో లేదు. కూలి, ఇల్లు, వైద్యం గురించి గట్టిగా అడిగినవాళ్ల మీద అంతకు ముందే ఎర్రముద్ర పడి ఉంది.

కాబట్టి నీ వ్యాసాన్ని అధ్యక్షుల ప్రసంగాలతో మొదలుపెట్టకు. 1947 నాటి ఆ విజ్ఞప్తితో మొదలుపెట్టు. ప్రభుత్వం జంకిందంటే, జంకేలా నిలదీసినవాళ్లు ఉన్నారన్నమాట. వాళ్ల పేర్లు రాయి, వాళ్లు అడిగి దక్కనివి కూడా రాయి. మనవాళ్లు అమెరికాకు వెళ్లిన దారి కూడా ఈ కథలో భాగమే, ఒకసారి చూసుకో. 1946 వలస చట్టం భారతీయులకు ఇచ్చిన కోటా ఏడాదికి దాదాపు వంద మంది. పుట్టిన దేశాన్ని బట్టి కోటాలు పెట్టే ఆ పద్ధతిని ఎత్తేసిన వలస చట్టం మీద 1965 అక్టోబరు 3న సంతకం పడింది, నల్లవారి ఓటు హక్కు చట్టం వచ్చి రెండు నెలలైనా నిండకముందే.

ఆశీస్సులతో,
పెదనాన్న