సిపాయిని సాగనంపేటప్పుడు

ఫౌజులో చేసి వచ్చిన పెద్దవాళ్లు ఖరగ్‌పూర్‌లోని మన సుభాష్‌పల్లిలో ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. వాళ్ల వెనక మోటారుసైకిళ్లు వరసకట్టి నడుపుతామని కుర్రాళ్లు ముందుకొస్తుంటే నాకు కడుపు నిండుతోంది. నేనూ ఫౌజులో చేసి, మాజీ సైనికుల కోటాలో ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో చేరినవాణ్ణి. ఇలాంటి ఊరేగింపుల్లో ముందూ వెనకా నడిచి తెలుసుకున్నవి చెబుతున్నాను.

1. ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే వెళ్లండి.

అమెరికాలో పేట్రియాట్ గార్డ్ రైడర్స్ అని మోటారుసైకిళ్లవాళ్ల సంఘం ఉంది. 2005లో కాన్సస్ రాష్ట్రంలో పుట్టింది. ఒక చర్చివాళ్లు సైనికుల అంత్యక్రియల దగ్గరికి అట్టలు పట్టుకొచ్చి నానా మాటలూ అంటుంటే, అవి కన్నవాళ్ల కంటా చెవినా పడకుండా వీళ్లు జెండాలతో అడ్డంగా నిలబడ్డారు. ఆ తర్వాత ముసలితనంలో పోయిన మాజీ సైనికులకూ వెళ్లడం మొదలుపెట్టారు. వాళ్ల కట్టుబాటు ఒకటే: కుటుంబం పిలవనిదే వెళ్లరు. మనమూ అంతే ఉండాలి. అయితే ఏడుస్తున్న ఇల్లాలిని అడక్కండి. పెద్దల్లుడినో, మరిదినో పక్కకి పిలిచి అడగండి. వద్దంటే నలుగురు వెళ్లి దండం పెట్టి రండి చాలు. క్రైస్తవుల ఇల్లయితే చర్చిలో ప్రార్థన ఎన్నింటికో కనుక్కుని, అది ముగిసేదాకా బండ్లు గేటు బయటే ఉంచండి.

2. మంచం మీద పోయినవాడూ సిపాయే.

2021 డిసెంబర్ 8న కూనూరు దగ్గర హెలికాప్టర్ కూలి, జనరల్ బిపిన్ రావత్‌తో పాటు మన తెలుగు బిడ్డ లాన్స్ నాయక్ సాయితేజ కూడా పోయాడు. అప్పటి చిత్తూరు జిల్లా కురబలకోట మండలం ఎగువరేగడ అతని ఊరు. ఎవరి దేహం ఎవరిదో తేల్చడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయవలసి వచ్చింది. 12వ తేదీన బెంగళూరు నుంచి బయల్దేరిన పార్థివదేహం వెంట, వలసపల్లె నుంచి ఊరిదాకా కుర్రాళ్లు జెండాలు పట్టుకుని బండ్ల మీద నడిచారు. 2020 జూన్‌లో గల్వాన్‌లో నేలకొరిగిన కర్నల్ సంతోష్‌బాబు కోసం సూర్యాపేట, 2025 మేలో జవాను మురళీనాయక్ కోసం గోరంట్ల మండలంలోని కల్లి తండా కదిలిపోయాయి. అలాంటి చావుకి జనాన్ని ఎవరూ పిలవక్కర్లేదు.

మరి 1971లో తూర్పు సరిహద్దున పోరాడి, పూర్వీ స్టార్ తెచ్చుకుని, ఆనక వర్క్‌షాపులో ఖలాసీగా రిటైరై, ఎనభయ్యో ఏట ఆయాసంతో కన్నుమూసిన తాత సంగతో? ఇరుగుపొరుగుకి ఆయన రైల్వే మనిషిగానే తెలుసు. పింఛను మీద బతికి మామూలుగా పోయిన జవానుకు సైనిక లాంఛనాలు వాటంతటవి రావు. దగ్గర్లో ఉన్న యూనిట్‌నో, జిల్లా సైనిక్ బోర్డునో అడగాలి. వీలైతే ఒక పుష్పగుచ్ఛం పంపుతారు. లేకపోతే బ్యూగిల్ లేదు, వందనం లేదు. అక్కడే మీ అవసరం ఎక్కువ. టీవీలో పేరు వచ్చినవాడికి వంద బండ్లు వస్తాయి. పేరు రాని తాతకి పది బండ్లు వచ్చినా నేను మిమ్మల్ని ఎక్కువ మెచ్చుకుంటాను.

3. ఎవరి వెనక వెళ్తున్నారో తెలుసుకుని వెళ్లండి.

ఆయన ఇనప్పెట్టె అడుగున ఫౌజు డిశ్చార్జి పుస్తకం ఉంటుంది. ఏ రెజిమెంటు, ఏ ర్యాంకు, ఎన్నేళ్ల సర్వీసు, ఏయే పతకాలు, అన్నీ అందులో రాసే ఉంటాయి. మద్రాస్ రెజిమెంటో, మద్రాస్ సాపర్సో, ఫిరంగి దళమో కనుక్కోండి. బయల్దేరే ముందు కుర్రాళ్లందరినీ నిలబెట్టి పైకి చదవండి. అప్పటిదాకా ఫోన్లలో ఫొటోలు చూసుకుంటున్నవాళ్లు కూడా తలెత్తి వినడం నేను చూశాను. వీధివాళ్లలో సగం మందికి ఆయన యుద్ధం చేశాడని అప్పుడే తెలుస్తుంది. ఆయన మనవలకి కూడా.

4. జెండా విషయంలో పొరపాటు జరగకూడదు.

ప్రభుత్వ, సైనిక, కేంద్ర పారామిలిటరీ లాంఛనాలతో జరిగే అంత్యక్రియల్లోనే దేహం మీద జాతీయ జెండా కప్పాలి. కాషాయం తలవైపు రావాలి. చితిలోకీ గోతిలోకీ జెండా వెళ్లకూడదు. మిగతా చోట్ల కప్పడం 1971 నాటి చట్టం ప్రకారం నేరం. ప్రేమతో చేశామన్నా చట్టం ఒప్పుకోదు. లాంఛనాలు దొరకని చోట ఆయన టోపీ, పతకాలు ఒక దిండు మీద పెట్టి ముందు నడిపించండి. చూసేవాళ్లకి అదే చాలు. బండి ట్యాంకు మీదా, వ్యాను టాపు మీదా జెండా పరవకండి. జెండా కోడ్‌లో అది కూడా కుదరదనే ఉంది. తిరిగొచ్చేటప్పుడు కాగితపు జెండా ఒక్కటి కూడా రోడ్డు మీద పడకుండా ఏరే పని ఒకడికి అప్పగించండి.

5. బండి నడిపే తీరు వేరు.

కలకత్తా నుంచి దేహం వస్తే హైవే మీద ఎదురెళ్లి లారీల మధ్య వరసకట్టవద్దు. మన ఊరి చౌరంగీ కూడలి దగ్గర ఆగి, ఊళ్లోకి మళ్లాక వెనక చేరండి. అక్కణ్ణుంచి మనిషి నడకంత వేగమే ఉండాలి. ఫస్ట్ గేర్లో అరక్లచ్చి మీద చాలాసేపు పోతే గాలితో చల్లబడే ఇంజను కాగిపోతుంది, క్లచ్చి ప్లేట్లు కాలిన వాసన వస్తుంది. అందుకని ముందు బండికి కాస్త ఎడమిచ్చి, ఆగినప్పుడల్లా ఇంజను ఆపేయండి. ఇద్దరిద్దరు, ఒకరి చక్రం ఒకరికి తగలనంత ఎడంగా, రోడ్డుకి ఎడమవైపే వెళ్లండి. గోల్ బజార్ వైపు టోటోలు (బ్యాటరీ రిక్షాలు) ఎక్కడ అడ్డం వస్తాయో తెలీదు. వాటిమీద అరవకుండా దారి ఇప్పించే ఓపికస్తుణ్ణి ముందు పెట్టండి. పోలీసులకు ముందురోజే చెప్పి ఉంచండి. అంబులెన్సు వస్తే ఊరేగింపు పక్కకు తప్పుకోవాలి, మారు మాట లేదు.

గౌరవమని హెల్మెట్ తీసి నడుపుతామంటారు కొందరు. వద్దు బాబూ. బండి దిగాక తీయండి. సైలెన్సర్ మార్చి దడదడలాడించే బండ్లు ఆ రోజు ఇంట్లోనే ఉండాలి.

6. హారన్ వద్దు, డీజే వద్దు.

7. దింపుడు కళ్లం దగ్గర ఇంజన్లు పూర్తిగా ఆగాలి.

పాడె దించి, కొడుకు చెవి దగ్గర వంగి పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తాడు. ఆ పిలుపు తప్ప అక్కడ ఇంకేమీ వినపడకూడదు. కాబట్టి ఒక వీధి ఇవతలే బండ్లు స్టాండు వేసి నడిచి రండి. అక్కణ్ణుంచి మీరు బండ్లవాళ్లు కారు, మోసేవాళ్లు. పాడెకి నాలుగు భుజాలూ దొరకడం కష్టమైపోతోంది. పిల్లలు బెంగళూరులోనో గల్ఫులోనో ఉండి రైలూ విమానమూ అందక రాలేకపోతున్నారు. మీ భుజం ఇవ్వండి. ఆ తండ్రికి మీరు చేసే గౌరవాల్లో ఇదే పెద్దది.

8. ఈ ఊరి కథ మీరే పిల్లలకి చెప్పాలి.

1931 సెప్టెంబర్ 16న హిజ్లీ నిర్బంధ శిబిరంలో పోలీసులు కాల్పులు జరిపితే సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. ఆ ఇద్దరి దేహాలు తీసుకెళ్లడానికి సుభాష్ చంద్రబోస్ స్వయంగా ఇక్కడికి వచ్చారు. 1951లో ఐఐటీ మొదలైంది ఆ శిబిరం భవనంలోనే. 1965 సెప్టెంబర్ 7న మన పక్కనున్న కలైకుండా వైమానిక స్థావరం మీదికి పాకిస్తాన్ సేబర్ విమానాలు వచ్చినప్పుడు నేను బడిపిల్లవాణ్ణి. హంటర్ విమానాల మీద ఆల్ఫ్రెడ్ కుక్, మమ్‌గాయిన్ వాటిని ఎదుర్కొన్నారు. ఇద్దరికీ వీరచక్ర పతకాలు వచ్చాయి. పనికోసం శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి వచ్చి స్థిరపడ్డ మనం ఈ నేలకి చుట్టపుచూపుగా వచ్చినవాళ్లం కాదు. చనిపోయినవాణ్ణి ఘనంగా సాగనంపడం ఈ ఊళ్లో మనకంటే ముందే ఉంది.

9. పెద్దకర్మ అయ్యాక మళ్లీ వెళ్లండి.

ఊరేగింపు ఒక పూట పని. ఆ తర్వాత ఆయన భార్యకి కాగితాల పని ఉంటుంది. మరణ ధ్రువపత్రం తీయించాలి. సైనిక పింఛన్ల స్పర్శ్ పోర్టల్‌లో భర్త మరణం నమోదు చేయించి కుటుంబ పింఛను మొదలుపెట్టించుకోవాలి. సర్వీసు రికార్డులో ఆవిడ పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది. ఇంటిపేరు ముందూ వెనకా అయ్యుంటుంది. బెంగాలీ గుమస్తా తన నోటికి వచ్చినట్టు రాసుంటాడు. ఆ ఒక్క తేడా మీద నెలలు గడిచిపోతాయి. ఊరేగింపుకి వచ్చిన కుర్రాళ్లలో కంప్యూటర్ తెలిసినవాడు ఒకడు, హిందీ బెంగాలీ రెండూ వచ్చినవాడు ఒకడు ఈ పని తీసుకోండి. ఆవిణ్ణి బండి వెనక కూర్చోబెట్టుకుని బ్యాంకుకీ ఆఫీసుకీ తిప్పండి. పీపీఓ (పింఛను ఉత్తర్వు), డిశ్చార్జి పుస్తకం, ఈసీహెచ్‌ఎస్ వైద్య కార్డు ఒకే సంచిలో పెట్టించండి. ఆఫీసులో జిరాక్సులే ఇవ్వండి. అసలు కాగితాలు చూపించాల్సి వస్తే చూపించి, అక్కడే వెనక్కి తీసుకుని ఆవిడ చేతికే ఇవ్వండి.