పేరులేని పుస్తకమునకు కర్త యెవరు?

1947 జూలైలో చెన్నపట్టణమున ప్రారంభమైన ‘చందమామ’ను మీలో అనేకులు బాల్యమున చదివియే యుందురు. అందు వెలువడిన ‘తోకచుక్క’, ‘రాకాసిలోయ’ వంటి ధారావాహికలపై రచయిత పేరు లేదు. వానిని వ్రాసినది 1952లో ఆ పత్రికలో చేరిన దాసరి సుబ్రహ్మణ్యముగారని పాఠకులలో పెక్కురకు చాలకాలము తెలియదు. ఎవరును చెప్పనిచో రచనను బట్టి కర్తను కనుగొనవచ్చునా? ఈ విషయమునే ఇచట విచారింపదలచినాము.

కథను, పెద్ద మాటలను అనుకరింపవచ్చును. కాని ‘అయితే’, ‘కూడ’ వంటి చిన్న మాటలను ఎన్నిసార్లు వాడుచున్నాడో వ్రాయువానికే తెలియదు. వానిని లెక్కించుటయే ఈ పద్ధతి. అమెరికాలో ‘ఫెడరలిస్టు’ వ్యాసములలో 12 హామిల్టనువా, మాడిసనువా యను వివాద ముండెను. హామిల్టను తరచుగా వాడిన ‘అపాన్’ అను మాట మాడిసను రచనలలో బహు అరుదు. ఇట్టి మాటలను గణించి, అవి మాడిసనువే యనుటకు బలమైన ఆధారములు గలవని మోస్టెలర్, వాలెస్ అను పండితులు 1964లో ప్రకటించిరి. 2013లో రాబర్టు గాల్‌బ్రెయిత్ పేరుతో వచ్చిన నవలను, ఒక వార్తాపత్రికకు అందిన సూచనపై, కంప్యూటరుతో పరీక్షించిరి. ఆ శైలి ‘హారీ పాటర్’ రచయిత్రి రౌలింగు శైలికి దగ్గరగా నుండెను. పిమ్మట ఆమెయే ఒప్పుకొనెను.

తెలుగున ఈ పని కష్టతరము. ఇంగ్లీషులో విడిగా నిలుచు చిన్న మాటలు మనకు విభక్తులై పదమున కతుకుకొనును. సంధి కలిసినచో పదముల హద్దులే చెరగును. కావున ప్రత్యయములను విడదీసియో, వరుసగా వచ్చు అక్షరముల గుంపులను లెక్కించియో చూడవలెను. సంపాదకుడు దిద్దిన రచనలో రెండు చేతులు కలిసియుండును. పోల్చినవారిలో అసలు కర్త లేకున్నను యంత్రము ఎవరినో ఒకరిని చూపును. అందుచే లెక్క సాక్ష్యమే గాని తీర్పు కాదు.

మేము వ్యాసములు దిద్దునపుడు, ఎక్కడనుండియో ఎత్తివ్రాసినది రెండు వాక్యములలోనే బయటపడును. అందు పిల్లవాని నడక కానరాదు. అంతకన్న విచారకరమైన దొకటి గలదు. తెలుగున వ్రాయనే వ్రాయని పిల్లవానికి గుర్తింపదగిన నడకయే యేర్పడదు. తమిళము, ఇంగ్లీషు వినవచ్చు ఈ నగరమున మన బిడ్డలకు ఆ భయము ఎక్కువ.

కావున తల్లిదండ్రులకు మా మనవి: వారమున కొక జాబైనను తాతగారికో, అమ్మమ్మగారికో తెలుగున వ్రాయింపుడు. అక్షరదోషములను దిద్దుడు, మాటలను మాత్రము మార్చకుడు. చదివిన ప్రతి కథకు కర్త పేరు చెప్పించుడు. ఒకరి శ్రమను గౌరవించుట, తన మాటను తాను నిలుపుకొనుట రెండును ఇచటనే అలవడును.